వ్రాసినదానిని దిద్దవచ్చునా?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో మాటలాడువారు పుస్తకపఠనము వలని లాభములను గూర్చి చెప్పుట వాడుక. ఆ పని నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా నెరవేర్చినారు. నాకు కార్యదర్శిగారు వేరొక పని అప్పగించినారు. ఈ రజతోత్సవ సంచికలో మన అభిప్రాయ పుస్తకముల నుండి కొన్ని పుటలు ఏరి ముద్రింపవలెనని కార్యవర్గము నిర్ణయించిన సంగతి మీకు తెలియును. ఆ పుస్తకములు బీరువా నుండి బయటికి వచ్చుటతోనే ఒక తగవు కూడ బయటికి వచ్చినది. పూర్వము వ్రాసినదానిని వ్రాసినవాడు ఇప్పుడు దిద్దుకొనవచ్చునా, కూడదా? ఇదియే ఆ తగవు. దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. ఇందరు పెద్దలుండగా నన్నే ఎందుకు కోరినారో కొంతసేపటికి మీకే తెలియగలదు.

పొరుగూళ్ళ నుండి వచ్చిన అతిథుల కొరకు అభిప్రాయ పుస్తకమనగా నేమో మొదట చెప్పవలెను. గ్రంథాలయము తెరచిన మొదటి సంవత్సరముననే వార్తాపత్రికల బల్లమీద ఒక పొడుగాటి ఖాతా పుస్తకమును, దారముతో కట్టిన ఒక కలమును ఉంచిరి. చందాదారుడు తాను చదివిన పుస్తకమును గూర్చిగాని, గ్రంథాలయము నడచు తీరును గూర్చిగాని తనకు తోచినది అందులో వ్రాయవచ్చును. పేరు, తేదీ తప్పక వేయవలెను. దాని క్రింద మరియొకరు జవాబు వ్రాయవచ్చును. ఆ జవాబునకు ఇంకొకరు. ఇట్లు ఇరువదియైదేండ్లలో పదునొకండు పుస్తకములు నిండినవి. ఒక పుస్తకము వానలో తడిసి కొన్ని పుటలు అతుకుకొనిపోయినవి. తక్కినవన్నియు చదువదగియే యున్నవి. వీధిదీపములు మొదలుకొని వేమన పద్యముల వరకు అందులో చర్చకు రాని విషయము లేదు. ఒక ధారావాహిక నవల ముగింపును గూర్చి ఇద్దరు చందాదారులు పదునారు పుటలు వాదించుకొనిరి. వారిరువురును నేడు వియ్యంకులు.

ఆ పుటలు అచ్చు కాబోవుచున్నవని తెలిసినది మొదలు వ్రాసినవారు ఒక్కొక్కరే గ్రంథాలయమునకు వచ్చుచున్నారు. ఒకరు తమ అక్షరదోషములు దిద్దుకొందుమనిరి. ఒకరు పడుచుతనమున వ్రాసిన మాట ఇప్పుడు తమకు తగదనియు, దానిని కొంచెము మెత్తపరచుడనియు అడిగిరి. ఒకరు పాత పుటను చించి క్రొత్తది అంటింతుమనిరి. ఇంకొకరైతే, వ్రాత నాది, వ్రాసిన చేయి నాది, దానిని మార్చుకొనుటకు ఒకరి అనుమతి నాకెందులకని కార్యవర్గమునే నిలదీసిరి. దీనికెదురుగా, ఆ పుస్తకములలో ఒక్క అక్షరమును ముట్టుకొనుటకు వీలులేదని కార్యవర్గములో సగముమంది పట్టుపట్టిరి.

హక్కు తమదన్నవారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. మనుష్యుడన్న తరువాత ఎదుగును, తన తప్పు తాను తెలిసికొనును. తెలిసికొన్న తరువాత కూడ తప్పు తప్పుగనే నిలువవలెనని పట్టుపట్టుట న్యాయము కాదు. మన భాషలోని గొప్ప నాటకమే అట్టి దిద్దుబాటు వలన మనకు దక్కినది.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదువనివారును, చూడనివారును మనలో తక్కువ. అయితే నేడు మనము చదువుచున్నది ఆయన మొదట వ్రాసిన కన్యాశుల్కము కాదు. ఆ నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది. 1897లో అచ్చుపడినది, ఆనందగజపతి మహారాజునకు అంకితమైనది. పండ్రెండేండ్లకు, అనగా 1909లో, అప్పారావుగారు దాని రెండవ కూర్పును ప్రకటించిరి. రెండవ కూర్పు అనుట పేరునకే. అది ఇంచుమించు క్రొత్త నాటకము. ఏడంకముల పెద్ద గ్రంథమైనది. మొదటిదానిలో మధురవాణికి దొరకిన చోటు చిన్నది. రెండవదానిలో ఆమె నాటకమునంతటిని తన చేతిలోనికి తీసుకొన్నది. ఒకసారి అచ్చయినదానిని మరల ముట్టుకొనరాదని అప్పారావుగారు అనుకొనియున్నచో ఈ మధురవాణి మనకు లేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సైతము క్రొత్త ఆధారములు దొరకిన కొలది తమ కవుల చరిత్రమును సవరించి మరల ప్రకటించినవారే. కావున దిద్దుకొనుట తప్పన్న మాట సాహిత్యమున చెల్లదు.

కాని అప్పారావుగారు ఆ పనిని ఏ విధముగా చేసిరో గమనింపుడు. 1897 నాటి ప్రతులు కొన్నవారి యిండ్లకు పోయి, వానిలోని కాగితములు ఊడదీసి, క్రొత్త కాగితములు కుట్టింపలేదు. ఇది రెండవ కూర్పు అని చెప్పి, దానికి వేరుగ పీఠిక వ్రాసి, పాఠకుల యెదుట పెట్టిరి. మొదటిది మొదటిదిగనే యున్నది. కాలక్రమమున ఆ మొదటి కూర్పు ప్రతులు మిక్కిలి అరుదైపోయినవి. 1969లో బంగోరె అని పేరుగన్న బండి గోపాలరెడ్డిగారు దానిని మరల అచ్చువేయించిరి. ఆ తరువాతనే రెండు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుటకు మనబోటివారికి వీలు కలిగినది. ఏ సన్నివేశము ఉన్నదున్నట్లు మిగిలినదో, ఏది పెరిగినదో, ఏ పాత్రకు నోరు వచ్చినదో కండ్లకు కట్టినట్లు తెలియును. మొదటి కూర్పు దొరకుటచే అప్పారావుగారి గౌరవమునకు వచ్చిన లోపమేమియు లేదు. పండ్రెండేండ్లలో ఆయన ఎంత దూరము నడచినారో తెలిసినది. ఆయనే స్వయముగా మొదటి ప్రతులన్నిటిని పోగుచేసి తగులబెట్టియున్నచో ఆ నడక మనకు ఎన్నటికిని తెలియకపోయెడిది.

నాటకమైనను, చరిత్రమైనను ఒకరి గ్రంథము. మన అభిప్రాయ పుస్తకము అట్టిది కాదు. అందులో ఒకరు పలుకగా మరియొకరు బదులు పలికిరి. అట్టి వ్రాతను దిద్దుటలో మరియొక చిక్కు కలదు. దానికి గాంధీమహాత్ముని సంగతి చెప్పెదను.

మహాత్ముడు 1909లో లండను నుండి దక్షిణాఫ్రికాకు తిరిగి పోవుచు ఓడమీద హింద్ స్వరాజ్ అను చిన్న పుస్తకము వ్రాసెను. అదియు ప్రశ్నోత్తర రూపముననే యున్నది. 1910లో బొంబాయి ప్రభుత్వము దానిని నిషేధించినది. రైళ్ళను, వకీళ్ళను, వైద్యులను అందులో ఆయన గట్టిగా ఖండించెను. తరువాత జీవితమంతయు రైళ్ళలో తిరిగినవాడు ఆయనే. ఆ పుస్తకమును చేతబట్టుకొని ఆయనను ప్రశ్నించినవారు ఒకరా, ఇద్దరా? నాలుగు వాక్యములు దిద్దినచో ఆ బాధ తప్పెడిది. 1921లో ఆయన వ్రాసినదేమనగా, ఆ పుస్తకములో ఒక్క మాటను మాత్రమే తాను ఉపసంహరించుకొనుచున్నాననియు, ఆ మాట ఒక ఆంగ్ల మహిళకు కష్టము కలిగించుటయే అందులకు కారణమనియు. ఇతర విషయములలో ఆయన అభిప్రాయములు కాలక్రమమున ఎన్నో మారినవి. 1933లో హరిజన్ పత్రికలో పాఠకులకు ఒక దారి చూపెను. తన రెండు వ్రాతలకు పొత్తు కుదరనిచో తరువాతిదానిని గ్రహింపుమనెను. మొదటిదానిని చెరిపివేయుమని కాదు. రెండింటి క్రిందను తేదీ ఉండుటచేతనే ఆ సలహా పనికివచ్చినది. తేదీలు లేనిచో, మొదటిది కనబడకున్నచో, ఏది తరువాతిదని ఎంచుకొనగలము?

ఆ మహాత్ముని రచనలకే తరువాత ఒక ముప్పు వచ్చినది. కేంద్ర ప్రభుత్వమువారు ఆయన వ్రాసిన ఉత్తరములు, వ్యాసములు, ప్రసంగములు సమస్తము సేకరించి 1958 మొదలు 1994 వరకు 100 సంపుటములుగా ప్రకటించిరి. పెద్ద పెద్ద పండితులు దశాబ్దములు పాటుపడి చేసిన పని అది. 2000 ప్రాంతమున దానికి సవరించిన కూర్పు ఒకటి వెలువడినది. ఆలస్యముగా దొరకిన ఉత్తరములను వాని తేదీల వరుసలో కూర్చవలెనన్న తలపు మంచిదే. కాని ఆ సవరణలో కొన్ని రచనలు జారిపోయినవి, క్రొత్త తప్పులు దొర్లినవి, సంపుటముల సంఖ్యలు, పుటల సంఖ్యలు మారిపోయినవి. అంతకుముందు వ్రాసిన గ్రంథములలో ఫలానా సంపుటము, ఫలానా పుట అని ఇచ్చిన ఆధారములను వెదకబోయిన, ఆ పుటలో వేరొక ఉత్తరము కనబడసాగినది. పండితులు ఆందోళన చేసిరి. ప్రభుత్వము ఆ కూర్పును ఉపసంహరించుకొన్నది. గాంధీగారి మాటను నమ్ముకొని ఎందరో తమ మాటను నిలబెట్టుకొనియుండిరి. క్రింది రాయి కదలినంతనే పై రాళ్ళన్నియు కదలినవి.

బాపట్ల జిల్లాలోని వేటపాలెమున సారస్వత నికేతనము కలదు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయమునకు ఎక్కడెక్కడివారో వెదకికొని పోవుదురు. క్రొత్త పుస్తకముల కొరకు కాదు. పాత పత్రికల కొరకు. ఆనాడు ఆ పత్రికలో ఏమి పడినదో అదియే నేడును అక్కడ ఉండునన్న నమ్మకముతో పోవుదురు. మనది ఆ సంస్థ ముందు చీమవంటిది. అయినను మన పదునొకండు పుస్తకములకు ఉన్న విలువ కూడ ఆ జాతిదే.

ఇంత దూరము పోనేల? మన పంచాయతీ కార్యాలయములోనే ఈ తగవునకు తీర్పున్నది. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. ఆ చట్టపు 15వ సెక్షను చూడుడు. పుట్టినతేదీయో, తండ్రి పేరో తప్పుపడినచో రిజిస్ట్రారు దానిని సరిచేయవచ్చును. అయితే మొదట వ్రాసినదానిని ఏమాత్రము మార్చక, ప్రక్కన మార్జినులో సవరణ వ్రాసి, సంతకము చేసి, సవరించిన తేదీ వేయవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో కూడ ఇదే పద్ధతి. దస్తావేజులో కొట్టివేతలుగాని, వరుసల నడుమ చేర్పులుగాని ఉన్నచో, వ్రాసియిచ్చినవారు ఆ చోటున సంతకమో, పొట్టి సంతకమో చేసి ఒప్పుకొననిదే రిజిస్టరు చేయుటకు నిరాకరింపవచ్చునని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. రిజిస్టరైన తరువాత సర్వే నంబరు తప్పుపడినదని తెలిసినచో ఏమి చేయుదుము? పాత దస్తావేజును దిద్దము. సవరణ దస్తావేజు వేరుగ వ్రాయింతుము. పొలము అమ్ముకొన్న ప్రతివానికిని తెలిసిన సంగతియే ఇది. పూర్వము కరణముల లెక్కలు చూచినవారు మన సభలో ఇంకను కొందరున్నారు. కొట్టివేసి ప్రక్కన వ్రాసి సంతకము చేసిన అంకెను ఎవరును అనుమానింపరు. చాకుతో గీకి ఆ పలుచబడిన కాగితముమీద వ్రాసిన అంకెనే దీపము దగ్గర పెట్టి చూతురు.

తాటాకులమీద గంటముతో వ్రాసిన కాలమున గీచిన గీత చెరుగదు. వ్రాయసకాడు ఒక అక్షరమునో, పదమునో విడిచినచో, విడిచిన చోట హంసపాదు గుర్తు పెట్టి, పైనో ప్రక్కనో ఆ పదమును వ్రాసెడివాడు. ఆదిలోనే హంసపాదు అని మనము ఎగతాళికి వాడుచున్న మాట దానినుండియే వచ్చినది. పని మొదలిడగనే తప్పుపడినదని దాని భావము. పాపము, ఆ గుర్తును ఎగతాళి చేయుట నాకు అంత న్యాయముగా కనబడదు. ఇక్కడ నేను తప్పినాను, ఇది నేను చేర్చినాను అని హంసపాదు దాచకుండ చెప్పుచున్నది. చదువువాడు రెండింటిని చూచుకొనగలడు.

ఇక అక్షరదోషములు. వానిని అచ్చులో దిద్దుటకు అభ్యంతరమేమని కొందరనిరి. నేనును అట్లే అనుకొంటిని. కాని సంపాదకవర్గమువారు రెండవ పుస్తకములో ఒక పుట చూపిరి. ఒక చందాదారుడు పఠన మందిరమున గాలి చాలదని ఫిర్యాదు వ్రాయుచు, పఠన మందిరమును పతన మందిరముగా వ్రాసినాడు. దాని క్రింద ఒక రసికుడు, ఈ మందిరపు బల్లలు, కుర్చీలు, పైకప్పు పెంకులు ఒక్కొక్కటే పతనమగుచున్న వైనమును వర్ణించుచు ఎనిమిది పద్యములు వ్రాసినాడు. ఛందస్సు అక్కడక్కడ తప్పినను పద్యములు రుచిగా నున్నవి. పై అక్షరమును దిద్దినచో క్రింది పద్యములకు తలయుండదు. కనుక అక్షరదోషముల విషయమున కూడ, ఎవరును బదులు చెప్పని చోటనే దిద్దుడని చెప్పితిని.

ఇప్పుడు నా సంగతి. వ్రాత నాది, చేయి నాది అని కార్యవర్గమును నిలదీసిన చందాదారుడు మీ యెదుట నిలుచున్న నేనే.

మూడవ పుస్తకము 57వ పుటలో నా వ్రాత కలదు. అప్పుడు నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన రోజులు. లోకమునకు బుద్ధిచెప్పగలనన్న ధీమా మెండు. ఆ సంవత్సరము పుస్తకములకు వచ్చిన సొమ్మునంతటిని పోటీ పరీక్షల పుస్తకములకే వెచ్చింపవలెనని వ్రాసితిని. కథలు, నవలలు పొద్దుపుచ్చుటకే గాని మరి దేనికిని పనికిరావంటిని. అంతటితో ఊరకుండక, వానిని చదువునది ఆడపిల్లలేననియు, వారి పొద్దుపోకకు గ్రంథాలయము సొమ్ము ఖర్చుచేయుట దండుగయనియు వ్రాసితిని. క్రింద పేరు, తేదీ, నా ఉద్యోగపు హోదా కూడ వేసికొంటిని.

నాలుగు దినముల తరువాత దాని క్రింద పదవ తరగతి చదువుచున్న ఒక బాలిక జవాబు వ్రాసినది. పుటన్నరకు మించదు. ఆ అమ్మాయి గ్రంథపాలకుని అడిగి పుస్తకములు ఇచ్చిన రిజిస్టరు తీసికొని రెండు నెలల లెక్క కట్టినది. కథల పుస్తకములు తీసికొన్నవారిలో కుట్టుపనివారు ఉన్నారు, పాలకేంద్రమువారు ఉన్నారు, పొలము పనులకు పోవువారు ఉన్నారు, ఆడపిల్లలు ఉన్నారు. పోటీ పరీక్షల పుస్తకములు ఆ రెండు నెలలలోను అయిదుగురి చేతులలోనే తిరిగినవి. తమ యింట బడి పుస్తకము కాని పుస్తకము అడుగుపెట్టినచో అది ఈ గ్రంథాలయము నుండి పోయినదేననియు, ఆ దారి కూడ మూసివేయవలదనియు వ్రాసినది. చివర, కథలు దండుగయన్న పెద్దమనిషి పేరుమీద ఆ సంవత్సరము తొమ్మిది నవలలు రిజిస్టరైనవని, పేరుపేరున వ్రాసి, నమస్కారములతో ముగించినది.

ఆ మాట నిజమే. దానికి నేను జవాబు వ్రాయలేదు. కార్యవర్గము ఆ యేడు కథల పుస్తకములు యథాప్రకారము కొన్నది. ఇన్నేండ్లలో నేను ఆ పుటను మరచితినన్న అబద్ధము. మరువనందుననే, అచ్చగునన్న వార్త వినగానే పరుగెత్తికొని పోయితిని.

నేను కోరినది పెద్ద మార్పుగా నాకు తోచలేదు. ఆడపిల్లల మాట, దండుగ మాట తీసివేసి, కథలతోపాటు పోటీ పరీక్షల పుస్తకములకును తగిన చోటు ఈయవలెనని ఒక వాక్యము వ్రాసి తెచ్చితిని. మంచి వాక్యమే. నేడు నా అభిప్రాయము కూడ అదియే. సంపాదకవర్గములోని పిన్నవయస్కుడొకడు, చూతము మాస్టారూ, అని నా క్రొత్త వాక్యమును చదివి, దాని వెంటనే ఆ బాలిక జవాబును పైకి చదివినాడు.

మేము నలుగురము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. ఎంతో మర్యాదగా, న్యాయముగా మాటలాడిన ఒక పెద్దమనిషి మీద నోరు పారవేసికొనుచున్న గయ్యాళిపిల్ల వలె ఆమె వినబడినది. ఆడపిల్లల ఊసే ఎత్తని వానితో ఆడపిల్లల తరపున వాదించుచున్నది. దారి మూయుమనని వానిని దారి మూయవలదని వేడుకొనుచున్నది. అతని నవలల లెక్క తీయుట వట్టి దురుసుతనముగా ఉన్నది. నా మాట మెత్తబడిన కొలది ఆమె మాట కరకైనది. ఆమె వ్రాసినదానిలో ఒక్క అక్షరమును మేము ముట్టలేదు. అయినను నా పుటను దిద్దుకొను నెపమున నేను దిద్దినది ఆమె పుటను.

ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొంటిని. ఆ అమ్మాయి నేడు వేరొక జిల్లాలో ఉపాధ్యాయిని. ఈ సంచిక ప్రతి ఒకటి తనకు పంపుమని ముందుగనే సొమ్ము పంపినదట.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, ఒక్క అక్షరమును ముట్టుకొనరాదన్నవారి పక్షమునకు నేను మారితినని అనుకొనవలదు. వారి మాటయు పూర్తిగా చెల్లదు. ఆరవ పుస్తకములో ఒక పుట ఉన్నది. పెద్ద నిఘంటువు ఒకటి కనబడలేదనియు, దానిని ఫలానావారు తీసికొనిపోయి తిరిగి ఈయలేదనియు, పేరు పెట్టి వ్రాసినారొకరు. రెండేండ్లకు వెల్లవేయుటకు బీరువా జరుపగా ఆ నిఘంటువు బీరువాకును గోడకును నడుమ దొరకినది. నింద వేసినవారు పెద్దమనసుతో క్షమాపణ వ్రాసిరి. ఎక్కడ వ్రాసిరి? అప్పటికి బల్లమీద ఉన్న ఎనిమిదవ పుస్తకములో. ఆరవ పుస్తకము తెరచినవానికి నింద కనబడును, క్షమాపణ కనబడదు. వార్తాపత్రికలలో కూడ మనము చూచుచుందుము గదా, తప్పు మొదటి పుటలో పెద్ద అక్షరములతో పడును, సవరణ లోపలి పుటలో మూలన పడును. నింద పడిన ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన మనుమలు ప్రతి ఆదివారము ఈ గ్రంథాలయమునకు వచ్చుచున్నారు. ఆ పుటను ఉన్నదున్నట్లు వదలివేయుట ఏ నీతి?

ఆ పెద్దాయన కుమారుడు మొదట ఆ పుటను చించివేయుడని అడిగినారు. అడుగుట న్యాయమే, నేను చించుటకే ఒప్పుకొందునని చెప్పితిని. ఇతరుని గౌరవమునకు వ్రాసినవాని హక్కుగాని, పుస్తకపు హక్కుగాని అడ్డు రాకూడదని ఇప్పటికిని నా అభిప్రాయము. రెండు దినములు ఆలోచించుకొని ఆయనే వచ్చి వలదన్నారు. చించినచో, కొడుకు వచ్చి తండ్రి తప్పు కప్పిపుచ్చినాడని ఊరిలో అనుకొందురట. దానికి బదులు ఆ నింద ప్రక్కననే, అంతకంటె పెద్ద అక్షరములతో, నిఘంటువు ఎప్పుడు ఎక్కడ దొరకినదో వ్రాసి కార్యవర్గము సంతకములు చేయవలెనని కోరినారు. అట్లే చేసితిమి. ఆ పుట సంచికలో మాత్రము అచ్చు కాదు.

ఇంకొక భయము కూడ నాకు ఉన్నది. వ్రాసినది ఎన్నటికిని చెరుగదని తెలిసినచో పిల్లలు కలము పట్టుటకే వెనుదీయుదురు. ఇరువది యేండ్లవాని తొందరపాటును అరువదియవ యేట అతని ముందు పెట్టి నవ్వుటకు ఈ పుస్తకములను వాడువారు ఉండరని నేను హామీ ఈయలేను. అందుచేత కార్యవర్గమునకు నేను చెప్పినది ఇది: జవాబు పడనంతవరకు వ్రాసినవాడు తన వ్రాతను కొట్టివేసికొని వేరుగ వ్రాసికొనవచ్చును. జవాబు పడిన తరువాత మార్జినులోనే దిద్దుకొనవలెను. తన మాట అచ్చులో వద్దన్నవాని మాటను, దాని క్రింది జవాబులతో కూడ, సంచికనుండి తీసివేయుదుము, పుస్తకమునుండి కాదు. జవాబు వ్రాసినవారిని కూడ అడిగిన తరువాతనే ఆ పని చేయుదుము. కార్యవర్గము దీనికి ఒప్పుకొన్నది. ఇద్దరు సభ్యులు ఒప్పుకొనలేదు. వారి అభ్యంతరము పదునొకండవ పుస్తకములో తేదీతో సహా ఉన్నది. చదువుడు, బాగుగానే వ్రాసినారు.

వచ్చు ఆదివారము మొదలు రెండు వారములపాటు పదునొకండు పుస్తకములును పత్రికల బల్లమీద ఉండును. ప్రక్కన ఎర్రసిరా కలము ఉండును. సవరించుకొనదలచినవారు గ్రంథపాలకుని యెదుట సవరించుకొని తేదీ వేయవలెను. మూడవ పుస్తకము 57వ పుటలో నేను వ్రాయవలసినది నిన్ననే వ్రాసితిని. మార్జిను చాలనివారు చిన్న కాగితము అంటింపవచ్చును. ఒక్క అంచుననే జిగురు పూయుడు, క్రింది వ్రాతను ఎత్తి చూచుటకు వీలుండవలెను.